పొలిమేర దాటని చేతులు

మంచం మీంచి లేవలేని ముసలివాళ్ళను ఉంచి చూసుకునే ఇల్లు ఒక చోట కట్టవచ్చా, కూడదా అని చెప్పడం నా ఉద్యోగం. పదకొండేళ్ళు ఈ పని చేశాను. అటు చిత్తూరు, ఇటు సూళ్లూరుపేట, మధ్యలో తిరుపతి చుట్టుపక్కల నేను కాలు పెట్టని మండలం లేదు. ఇదే పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇప్పుడు నాకు ఫోన్ చేసి, "ఏమేం చూడాలి సార్?" అని అడుగుతున్నారు. ఫోన్‌లో చెబితే తేలిక పనిలా వినిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు పై మెట్టు ఎక్కాను అనేవి రాయను. పదవీ విరమణ రోజున మా చెన్నై ఆఫీసు పెద్ద రంగరాజన్ గారు నాకు శాలువా కప్పుతూ నా పేరు తప్పు పలికారు. పక్కనున్నవాళ్ళు సరిదిద్దితే, "అదే, అదే" అన్నారు. పదకొండేళ్ళు పనిచేశాక జరిగింది ఇది. ఇలాంటివి మరిచిపొమ్మని మా ఇంట్లో అంటుంటారు. నేను మరిచిపోను. ఒక ఊళ్ళో ఎవరు ఏ మాట అన్నారో మూడేళ్ళ తర్వాత కూడా గుర్తుంచుకోవాల్సిన పని ఇది. ఆ గుర్తు నాకు చాలాసార్లు మేలు చేసింది. ఒకసారి మాత్రం పెద్ద కీడు చేసింది. ముఖ్యంగా దాని గురించే చెబుతాను.

భయం ఎక్కడ మొదలైందంటే

నర్సింగ్ హోమ్ అంటే మన వైపు కాన్పులు చేసే ప్రైవేటు ఆసుపత్రి అనుకుంటారు. ఏ ఊరికి పోయినా అది కాదని చెప్పడానికే మొదటి అరగంట పట్టేది. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఎముక విరిగినవాళ్ళు, మతి తప్పినవాళ్ళు, ఇంట్లో చూసుకోవడానికి మనుషులు లేనివాళ్ళు ఉండే చోటు అని చెప్పేవాణ్ణి. "అయితే చచ్చిపోయేవాళ్ళు ఉండే చోటు" అనేవాళ్ళు. కాదనలేకపోయేవాణ్ణి.

చేరిన కొత్తలో నాకు ఈ పని అంటే స్థలం చూడటమే. బోరు ఎంత లోతుకు పడింది, కరెంటు ఎన్ని గంటలు పోతుంది, పెద్దాసుపత్రికి ఎంతసేపట్లో చేరుతాం, అంబులెన్సు మలుపు తిరగడానికి దారి సరిపోతుందా. ఇవన్నీ రాసుకుని తిరిగేవాణ్ణి. ఒకసారి, అప్పటికే నడుస్తున్న ఒక హోమ్ చూడటానికి వెళ్ళాను. అక్కడి నర్సు నన్ను ఒక ముసలాయన మంచం దగ్గరికి తీసుకుపోయి, ఆయన్ను పక్కకు తిప్పి, చొక్కా పైకి లాగి చూపించింది. నడుము కింద, వెన్ను మొదట్లో, బొటనవేలు దూరేంత గుంత. లోపల తెల్లగా ఎముక. ఆయన మూలగను కూడా మూలగలేదు.

"నాలుగు రోజులు తిప్పేదానికి మనిషి లేదు సార్, అంతే" అంది.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. మంచాన పడిన మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. ఒక్కరి వల్ల కాదు, ఇద్దరు కావాలి. పగలూ రాత్రీ, పండగనాడూ, వాననాడూ. భవనం ఎనిమిది నెలల్లో లేస్తుంది. ఆ రెండు జతల చేతులు ఎనిమిదేళ్ళు దొరకాలి. ఒక ప్రాంతం ఈ పనికి తగినదా కాదా అంటే, ఆ చేతులు అక్కడ ఉన్నాయా లేవా అన్నదే. మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

ఈ భయం లేనివాళ్ళు ఈ ఉద్యోగంలో చాలామంది ఉన్నారు. వాళ్ళ రిపోర్టులు నా రిపోర్టుల కంటే అందంగా ఉండేవి.

బస్సులు లెక్కపెట్టినందుకు

సూళ్లూరుపేట దగ్గర ఒక స్థలం మా ఆఫీసులో అందరికీ తెగ నచ్చింది. చెన్నైకి లోకల్ రైలు ఉంది. చెన్నైలో ఉన్నవాళ్ళు ఆదివారం పొద్దున బయలుదేరి తల్లినో తండ్రినో చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. నీళ్ళున్నాయి, దారి ఉంది. రంగరాజన్ గారు అప్పటికే ప్లాను గీయించారు.

నేను మూడు రోజులు తెల్లవారుజామున ఐదింటికి ఆ రోడ్డు మీద నిలబడ్డాను. ఫ్యాక్టరీల బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ప్రతి ఊరి మలుపులోనూ ఆగి, ఆడపిల్లలను ఎక్కించుకుని పోయాయి. టిఫిన్ డబ్బా, మెడలో గుర్తింపు కార్డు. చేతనైన వయసులో ఉన్న ఆడమనిషి ఎవరూ మిగల్లేదు. ఒక టీ కొట్టు ఆమెను అడిగాను, ముసలివాళ్ళను చూసుకునే పనికి ఎవరైనా వస్తారా అని. "ఏసీలో కూసోని ఫోన్లు బిగించే పని ఇడిసిపెట్టి, ఒకరి గుడ్డలు మార్చేదానికి ఎవురొస్తారు సార్? నా కూతురైతే నేనే పంపను" అంది.

అదే రాశాను. స్థలం పనికిరాదన్నాను. చెన్నై మీటింగులో రంగరాజన్ గారు నా రిపోర్టు అందరికీ ఎత్తి చూపించి, "మనం ఈయన్ని పంపింది స్థలం చూడ్డానికి. ఈయన బస్సులు లెక్కపెట్టి వచ్చారు" అన్నారు. పన్నెండు మంది నవ్వారు. వాళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్పగలను. స్థలాన్ని మాత్రం వదులుకున్నారు. ఎందుకంటే పక్కనే వేరొకరు పెట్టిన హోమ్ ఆరు నెలలకే ఆయాలు దొరక్క మూతపడింది. నేను చెప్పిందే నిజమని ఎవరూ ఒక్క మాట అనలేదు.

రేణిగుంట దగ్గర కూడా అంతే జరిగింది. గోడౌన్లు, కంపెనీలు, విమానాశ్రయం పనులు. చేతులన్నీ అటే. అప్పుడు నేనే పట్టుబట్టి, కంపెనీ బస్సు పోని చోటు వెతకడం మొదలుపెట్టాను. చిత్తూరు దారిలో హైవే దిగి ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక ఊరు దొరికింది. పేరు రాయను. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మామిడికాయల పనికో టమోటా కోతలకో తప్ప ఎటూ పోరు. పాడి ఉంది, ఓపిక ఉంది. అడిగితే ఇరవై ఆరు మంది వస్తామన్నారు. అందరికంటే ముందు వచ్చింది చెంగమ్మ. మంచాన పడిన మామను నాలుగేళ్ళు చూసుకున్న మనిషి. "ఒక్క పుండు పడనీలే సార్, కావాలంటే ఊళ్ళో అడుగు" అంది. అడిగాను. నిజమే.

చేతులన్నీ ఒకే ఊళ్ళో దొరికాయని నాకెంత సంతోషమో. అదే తప్పని తెలియడానికి ఏడాది పట్టింది.

అరుగు మీదివాడు, ఎండలోవాడు

ఆ ఊరి పెద్ద మునస్వామి నాయుడు. గంగమ్మ జాతర జరిపించేది ఆయన ఇంటివాళ్ళే. స్థలం ఖాయం చేసే ముందు ఆయన్ను కలవమన్నారు. వెళ్ళాను. ఏప్రిల్ ఎండ. ఆయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. పక్కనే రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నాయి. నన్ను కూర్చోమనలేదు.

"ఎవురప్పా నువ్వు? ముసిలోళ్ళ బ్రోకరంటనే?"

నేను మా సంస్థ గురించి చెప్పాను.

"ఆ చేను యాడ ఉండాదో సూసినావా?"

"చూశాను. ఊరికి అర కిలోమీటరు కూడా లేదు."

"నేనడిగేది దూరం గాదబ్బా. అది మా పొలిమేర రాయికి అవతల ఉండాది. గంగమ్మకు చాటింపు ఏసినాక జాతర అయ్యేదాకా మా ఊరోళ్ళు రాయి దాటరు. మా ఆడోళ్ళను నమ్ముకోని ఆడ కట్టినావంటే నీ ముసిలోళ్ళు నోరెండి పోతారు. ముందే చెప్తాండా."

"నేను తిరుపతిలో పుట్టినవాణ్ణి. చాటింపంటే ఏమిటో నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదేలే. అన్నీ తెలిసినోనితో నాకేం పని? పో, పో, ఎండకు పడిపోతావు."

లోపలి నుంచి ఆడవాళ్ళు నవ్వారు.

నాకు తెలుసన్నది అబద్ధం కాదు. తిరుపతిలోనూ జాతరకు చాటింపు వేస్తారు, విన్నవాళ్ళు ఊరు దాటకూడదంటారు. కానీ మా వీధిలో చాటింపు విన్న మర్నాడే సగం మంది రేణిగుంటకు డ్యూటీకి పోతారు. రాత్రికి వచ్చి ఇంట్లో పడుకుంటే చాలనుకుంటారు. అన్ని చోట్లా అంతే అనుకున్నాను. ఏ ఢిల్లీవాణ్ణో ఈ పనికి పంపి ఉంటే, చాటింపంటే ఏమిటి, ఎన్ని రోజులు, ఎవరెవరు దాటకూడదు అని పది ప్రశ్నలు అడిగి రాసుకునేవాడు. నేను ఇక్కడివాణ్ణి కాబట్టి అడగలేదు.

ఇంకో కారణం కూడా ఉంది, దాచను. ఆయన కుర్చీ వేసి అదే మాట చెప్పి ఉంటే రాసుకునేవాణ్ణి. ఎండలో నిలబెట్టి చెప్పాడు కాబట్టి, నన్ను బెదిరిస్తున్నాడు అనుకున్నాను. తిరుగు దారిలో జీపులో కూర్చుని, "ఏటా జాతరకు ఒక రోజు సెలవు. స్థానికంగా ఇబ్బంది లేదు" అని రాశాను. రాస్తూ ఉంటే నాకు తృప్తిగా ఉండింది.

పలక మోగిన మర్నాడు

హోమ్ మొదలైన మూడో నెలలో మే వచ్చింది. ఇరవై ఒక్క మంది ఉన్నారు. ఒక బుధవారం పొద్దున ఆరింటికి హెడ్ నర్సు సుగుణ ఫోన్ చేసింది. ఆమెది రేణిగుంట. హోమ్‌లోనే ఉండేది.

"సార్, ఒక్కరూ రాలేదు."

"ఎవరు?"

"ఎవురూ సార్. నిన్న సందకాడ రాత్రి డ్యూటీవాళ్ళు చాటింపు వినేసొస్తామని పోయినారు. పలక మోగింది, ఆ డప్పు సద్దు నేను గూడా విన్నా. మళ్ళా ఎవురూ రాలే. ఇప్పుడు ఫోన్ చేస్తే, వచ్చే మంగళారం జాతర అయినాకే వస్తామంటా ఉండారు. నేను, వంట ఆయన, వాచ్‌మన్. ఇరవై ఒక్క మందిని ఎట్ల తిప్పేది సార్?"

మంగళవారం దాకా ఏడు రోజులు. వెన్నులో బొటనవేలు దూరే గుంతకు నాలుగు రోజులు చాలు.

రంగరాజన్ గారికి ఫోన్ చేశాను. అంతా విని, "ఇది మీ రిపోర్టులో లేదే?" అన్నారు. రిపోర్టు ఫారంలో తలుపు ఎన్ని అంగుళాల వెడల్పుండాలో అడిగే గడి ఉంది, పనివాళ్ళు ఏ రోజుల్లో రారో అడిగే గడి లేదు అని ఆయనతో వాదించాను. గడి లేకపోవడం నిజమే. దాని వెనక దాక్కోవడమూ నిజమే.

నేను చేరేసరికి ఎనిమిదైంది. లోపల అడుగుపెట్టగానే వాసన. సుగుణ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆమె ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుని ఒక్కొక్కరినీ తిప్పాం. అప్పటిదాకా ఈ ముసలివాళ్ళ గురించి పదకొండు ప్రాంతాల రిపోర్టులు రాసినవాణ్ణి, ఒక్క మనిషిని చేత్తో తిప్పి ఎరగను. ఒళ్ళు ఎంత బరువుగా ఉంటుందో, చర్మం ఎంత పలుచగా ఉంటుందో అప్పుడు తెలిసింది. గట్టిగా పడితే చిరిగిపోతుందేమో, వదిలితే జారిపోతారేమో. ఆఖరి మంచం అయ్యేసరికి మొదటి మంచాన్ని మళ్ళీ తిప్పే వేళ దాటిపోయింది.

ఇళ్ళవాళ్ళకు ఫోన్లు చేశాం. సాయంత్రానికి ఆరుగురిని తీసుకుపోయారు. చెన్నై నుంచి ఏజెన్సీ ఆయాలు ముగ్గురు శుక్రవారానికి వస్తారన్నారు. దాంతో ఎలాగో నెట్టుకురావచ్చు అనిపించింది, ఒక్కరి విషయంలో తప్ప.

ఆమె రాజమ్మ టీచర్. పుత్తూరు వైపు బడిలో పనిచేసి రిటైరైన మనిషి. పక్షవాతంతో మాట, కుడి చెయ్యి, సగం గొంతు పోయాయి. మింగడం ఆమెకు ఒక గండం. కొంచెం తేడా వచ్చినా పొలమారి, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆమెకు తినిపించడం ఒక్క చెంగమ్మకే వచ్చు. పొద్దున సుగుణ నాలుగు చెంచాల జావ పెట్టి చూసింది. ఐదో చెంచాకు రాజమ్మ టీచర్ పెదాలు నల్లబడి కళ్ళు తేలేసింది. కఫం లాగే మిషను పెడితే గాని తేరుకోలేదు.

"ఆసుపత్రికి పంపుదామా?" అన్నాను.

"పంపితే ముక్కులో గొట్టం ఏస్తారు సార్. పోయినసారి ఎడం చేత్తో పీకేసుకోని రక్తం కక్కింది. మళ్ళా ఎయ్యొద్దని వాళ్ళన్న కొడుకు రాసిచ్చిపోయినాడు. సెలైన్ ఎక్కిద్దామంటే నరం దొరకలే." సుగుణ జావ గిన్నె పక్కన పెట్టింది. "నిన్న సందకాడి నుంచి ఆ నాలుగు చెంచాలు తప్ప చుక్క నీళ్ళు దిగలే సార్. ఈ ఎండకు ఎన్నాళ్ళు ఉంటాది?"

రాయి దగ్గర

పొలిమేర రాయి మోకాలెత్తు ఉంటుంది. పసుపు పూసి, వేపమండ కట్టారు. చెంగమ్మను పిలిపించాను. రాయికి అవతల నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. నేను ఇవతల.

"ఒక్క అరగంట రా చెంగమ్మా. తినిపించి వెళ్ళిపో. ఎవరికీ తెలియదు."

"గంగమ్మకు తెలీదా సార్?" అంది. కోపం లేదు ఆ గొంతులో, భయం ఉంది. "నేను దాటినానంటే నాకేం గాదు సార్, ఊళ్ళో బిడ్డలకు అయితాది. రేపు ఎవురి బిడ్డకు జరమొచ్చి ఒళ్ళు కాగినా నా గడప ముందర నిలబడతారు. నేనేం చెప్పేది?"

"ఇక్కడ ఒక ప్రాణం పోతోంది."

"నాకు తెలీదా? నిన్న నుంచి నాకు కూడు దిగలే, ఆ యమ్మ నోరే కండ్లల్లో ఉండాది." రాయి వైపు చూసింది. "సార్, మేం దాటకూడదు గాని మీరు దాటచ్చు గదా. పగటిపూట బయటోళ్ళు వచ్చిపోతే తప్పులేదు. ఈడ నిద్ర చెయ్యకూడదు, అంతే. ఆయమ్మను కుర్సీలో పెట్టి తోలుకోని రా."

ఇంత చిన్న మాట నాకు తట్టలేదు. ఆ స్థలాన్ని ఎంచింది నేను, ఆ రాయిని చూసి దాటుకుంటూ తిరిగింది నేను.

చక్రాల కుర్చీలో రాజమ్మ టీచర్‌ను కూర్చోబెట్టి, నడుముకు దుప్పటి కట్టి, తల పక్కకు వాలకుండా దిండు పెట్టి, నేనూ వాచ్‌మనూ ఆ మట్టి దారిలో తోసుకుంటూ పోయాం. గుంతకు ఆమె తల ఊగినప్పుడల్లా ఆగి దిండు సర్దేవాణ్ణి. రాయి దాటి కానుగచెట్టు నీడలో ఆపాం. చెంగమ్మ ఆమె ఎడమ పక్కన గొంతుక్కూర్చుంది. గడ్డం కిందికి వంచి పట్టుకుంది. చిక్కటి రాగిజావ అర చెంచా. పెట్టి ఆగింది. గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, కదిలేదాకా చూసింది. కదిలాక ఇంకో అర చెంచా. చిన్న గిన్నెడు జావకు ముప్పావు గంట. ఒక్కసారి కూడా పొలమారలేదు. చివర కొంగు వేలికి చుట్టి మూతి తుడిచింది.

ఆ సాయంత్రం, మర్నాడు, ఆ మర్నాడు, రోజుకు మూడు సార్లు. శుక్రవారం ఏజెన్సీ ఆయాలు దిగి మిగతా మంచాలు అందుకున్నారు. మధ్యాహ్నం ఎండలో కుర్చీ ఇనుము కాలిపోతుంటే తడిగుడ్డ చుట్టేవాళ్ళం. దగ్గర్లోని ఇంట్లోంచి చెంగమ్మ అత్త ఆమెను తిట్టడం వినిపించేది. నాలుగో రోజు మునస్వామి నాయుడు వచ్చాడు. నేను కుర్చీ పిడి గట్టిగా పట్టుకున్నాను. ఆయన వద్దంటే అంతా ఆగిపోతుంది. చేతులు వెనక కట్టుకుని కొంతసేపు చూశాడు.

"నీకు ముందే చెప్తినా లేదా?"

"చెప్పారు."

"ఎక్కలే గదా నీ తలకు." కుర్చీ వైపు చూశాడు. "ఆ కుర్సీని ఇంకొంచెం ఇట్ల తొయ్యి. ఎండ ఆయమ్మ మొగాన పడతాండాది."

తోశాను. ఆ రోజు కూడా నన్ను కూర్చోమనలేదు, అది వేరే విషయం. ఊళ్ళో అరుగు మీద కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయని నాకు తెలుసు. అయినా ఆయన చెప్పిన మాట నిజం. అవమానంతో పాటు వచ్చిన నిజాన్ని వేరు చేసి తీసుకోవడం ఈ ఉద్యోగంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మీరు త్వరగా నేర్చుకోండి. అవమానాన్ని కావాలంటే పక్కన పెట్టుకోండి, నేనేం వద్దనను.

ఆ తర్వాత నేను చూసిన ప్రతి ప్రాంతంలోనూ పనివాళ్ళు ఎంతమంది దొరుకుతారని మొదట అడగలేదు. ఏ రోజుల్లో రారు, ఒక్కసారిగా అందరూ రాని రోజు ఏది అని అడిగాను. కనీసం మూడు ఊళ్ళ మనుషులు, మూడు వేర్వేరు జాతరలవాళ్ళు లేకపోతే స్థలం పనికిరాదన్నాను. రంగరాజన్ గారు ఆ షరతును ఫారంలో చేర్చారు. తన పేరు మీద.

మంగళవారం

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. నా గురించి ఇంకో మాట మిగిలింది.

ఆదివారం నాడు చెంగమ్మ చెప్పింది. "మంగళారం జాతర సార్. పొంగళ్ళు, మొక్కులు. నేను రాయి కాడికి గూడా రాలేను. ఆ ఒక్క దినం నువ్వే పెట్టాల."

"సుగుణ పెడుతుందిలే."

"సిస్టరమ్మ చెయ్యి వడి. నీది భయపడే చెయ్యి, నిదానంగా పోతాది. రోజూ నా పక్కనే నిలబడి సూస్తా ఉండావు గదా. ఆయమ్మకు నీ మొగం గూడా అలవాటైపోయింది."

ఆ రెండు రోజులు నేను ఆమె చేతుల్ని రెప్ప వేయకుండా చూశాను. గడ్డం ఎంత వంచుతోంది, చెంచా ఏ పక్క నుంచి పెడుతోంది, ఎంతసేపు ఆగుతోంది. కాగితం మీద రాసుకున్నాను కూడా.

మంగళవారం పొద్దున పలకలు మోగుతుంటే రాజమ్మ టీచర్ మంచం పక్కన కూర్చున్నాను. వీపు కింద మూడు దిండ్లు పెట్టి ఆమెను లేపాం. సుగుణ కఫం మిషను ఆన్ చేసి చేతిలో పట్టుకుని నిలబడింది. గడ్డం వంచాను. అర చెంచా. గొంతు మీద వేళ్ళు ఆనించాను. ఏమీ కదల్లేదు. ఆమె నన్నే చూస్తోంది. మాట పోయిన మనిషి కళ్ళు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు, నాకు ఇది చేతకాదని. చాలాసేపటి తర్వాత వేళ్ళ కింద గొంతు ఒకసారి పైకి లేచి దిగింది.

మూడు పూటలూ పెట్టాను. ఒక్కసారి దగ్గింది, అంతే. పొద్దుగూకే వేళకు గిన్నె ఖాళీ అయింది. నాకు గర్వం కలిగింది, దాచను. రంగరాజన్ గారికి ఫోన్ చేసి, రాజమ్మ టీచర్ సురక్షితంగా ఉందని చెప్పాను. "మంచిది, రిపోర్టులో రాయండి" అన్నారు.

బుధవారం ఇంకా పూర్తిగా తెల్లవారకముందే చెంగమ్మ వచ్చింది. పాదాలకు పసుపు, తలలో వాడిన కనకాంబరాలు. నన్ను పలకరించలేదు. నేరుగా మంచం దగ్గరికి పోయి, "ఏమ్మా టీచరమ్మా, బాగుండావా" అంటూ రాజమ్మ టీచర్ నోరు తెరిచి, చూపుడు వేలు కుడి బుగ్గ లోపలికి పోనిచ్చింది. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గ. వేలు బయటికి తీసింది.

వేలి చివర రేగుపండంత జావ ముద్ద. నల్లగా, గట్టిపడి.

"సార్" అంది. గొంతు పెద్దది చేయలేదు. "రాతిరంతా ఇది ఈడనే ఉండాది. నిద్దట్లో గొంతులోకి జారింటే?"

జేబులోంచి కాగితం తీశాను. ఆరు రోజులు, ప్రతి పూటా ఆఖరున చెంగమ్మ తన కొంగు వేలికి చుట్టి చేసిన పని అదే. మూతి తుడుస్తోందనుకున్నాను. నా కాగితంలో అలాగే రాసి ఉంది: చివర్లో మూతి తుడవాలి.

చెంగమ్మ ఆ ముద్దను గిన్నెలోకి విదిలించి, చెయ్యి కడుక్కుని, నా చెయ్యి పట్టుకుంది. నా వేలికి తడిగుడ్డ చుట్టింది.

"ఆ పక్క గూడా సూడు సార్. నువ్వే సూడు."

రాజమ్మ టీచర్ నన్నే చూస్తూ నోరు తెరిచింది. లోపల ఎంత దూరం పోవాలో నాకు తెలియదు. పోనిచ్చాను.